గిటార్ ఆంప్ ముందు ఏ మైకు పెట్టాలి? ఎస్ఎం58 ఉంది, ఎస్ఎం57 కొనాలా, కండెన్సర్ కొనాలా, రిబ్బన్‌ కోసం ఆగాలా?

ఆరుతీగలు (హనుమకొండ):
అన్నలూ, నా దగ్గర బాస్ కటానా 50 ఆంప్ ఉంది, 12 అంగుళాల స్పీకర్. మైకుని కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ స్కార్లెట్ 2ఐ2. మైకు ఒక్కటే, పాడటానికి కొన్న షూర్ ఎస్ఎం58. దాన్నే ఆంప్ గుడ్డకి ఆనించి, స్పీకర్ నడిమధ్యకి పెట్టి రికార్డ్ చేస్తున్న. గదిలో వింటే గిటార్ నిండుగ ఉంటది. ప్లేబ్యాక్‌ల మాత్రం కందిరీగ చెవి కాడ తిరిగినట్టు జుయ్యిమంటది. ఈక్యూతోటి పైన కోస్తే సౌండ్ చచ్చిపోతది. బడ్జెట్ 15 వేలు. దోస్తు ఏటీ2020 కండెన్సర్ మైకు కొనమంటున్నడు. ఇంకొకాయన గిటార్‌కి 57 తప్ప ఏదీ పనికిరాదంటడు. రిబ్బన్ మైకులు మెత్తగ ఉంటయని విన్న. నావి ఎక్కువ రాక్ రిథమ్ పార్టులే, డిస్టార్షన్‌తోటి. ఏది తీసుకోమంటరు?

బెజవాడబేస్:
57 తీసుకో బ్రో, ఆలోచించకు. కండెన్సర్ ఆంప్ ముందు పెడితే ఆ వాల్యూమ్‌కి పోద్ది.

కోన్‌అంచు (విశాఖపట్నం):
తమ్ముడూ, ఇవాళ ఏమీ కొనకు. ఒక సాయంత్రం ఉన్న మైకుతోనే కూర్చో. నేనిక్కడ చిన్న గదిలో కాలేజీ బ్యాండ్లకి రికార్డింగ్ చేస్తాను. వచ్చిన ప్రతి గిటారిస్టుకీ మొదట చెప్పేది ఇదే.

57 వచ్చింది 1965లో, 58 ఆ మరుసటి ఏడాది. రెండింటి లోపలా ఉన్నది యూనిడైన్ 3 క్యాప్సూలే, అంటే శబ్దాన్ని పట్టే భాగం ఒకటే. వినిపించే తేడాలో ఎక్కువ భాగం 58 నెత్తి మీదున్న ఆ గుండ్రటి జాలీ వల్లే. జాలీని చేత్తో తిప్పితే ఊడుతుంది. తీసేస్తే క్యాప్సూల్ స్పీకర్‌కి బాగా దగ్గరగా వెళ్తుంది, సౌండ్ 57కి చాలా దగ్గరకొస్తుంది. లోపలిది నాజూకు, వేలు తగలనివ్వకు, గుడ్డకి కొట్టుకోకుండా చూడు.

ఇప్పుడు చోటు సంగతి. ఆంప్ ఆపి, ఫోన్ టార్చ్ గుడ్డ మీద ఏటవాలుగా వేసి చూడు. మధ్యలో గుండ్రటి మూతలాంటి డస్ట్ క్యాప్, దాని చుట్టూ గరాటులాంటి కోన్ లీలగా కనిపిస్తాయి. క్యాప్ అంచు దగ్గర గుడ్డ మీద చిన్న టేప్ ముక్క అంటించు. నువ్వు చెప్పిన ఆ జుయ్యిమనే గోల క్యాప్ నడిమధ్య నుంచే ఎక్కువగా వస్తుంది. అంచు వైపు జరిగేకొద్దీ పైస్థాయి తగ్గి, మధ్యస్థాయి నిండుతుంది. 57కైనా 58కైనా 5, 6 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే పైస్థాయిలో, పుట్టుకతోనే ఎత్తు ఉంది కాబట్టి నడిమధ్యన పెడితే గీరుతుంది.

వాయించకుండా వెతికే పద్ధతి ఒకటుంది, నాకు చాలా ఇష్టం. గెయిన్ (డిస్టార్షన్ పెంచే నాబ్) పెంచితే ఆంప్ ఉస్సుమంటుంది కదా, చెవులు మూసే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ఉస్సు వింటూ మైకుని అర అంగుళం, అర అంగుళం జరుపు. ఒక చోట బాగా పదునుగా ఉంటుంది, ఇంకాస్త జరిపితే మెత్తబడుతుంది. ఆ రెండింటి మధ్య ఆగు. అప్పుడు గెయిన్ మామూలుకి తెచ్చి వాయించు. గదిలో వినడానికి నచ్చే గెయిన్ రికార్డింగ్‌కి ఎక్కువే అవుతుంది. కొంచెం తగ్గించి అదే పార్టు రెండుసార్లు వాయించి ఎడమకొకటి, కుడికొకటి పాన్ చెయ్యి.

దూరం కూడా చూసుకో. గుడ్డకి ఆనిస్తే ప్రాక్సిమిటీ, అంటే మరీ దగ్గరితనం, వల్ల బేస్ ఉబ్బుతుంది. రెండు మూడు వేళ్ళ సందు ఇవ్వు. ఆంప్‌ని నేల మీంచి తీసి కుర్చీ మీద పెట్టు. మనిళ్ళల్లో టైల్స్, మార్బుల్, తిరిగి కొడతాయి. ముందు ఒక బొంత పరిస్తే తేడా తెలుస్తుంది. ఫ్యాన్ కట్టెయ్.

బెజవాడబేస్ గారూ, ఏటీ2020 144 డీబీ వరకూ శబ్దాన్ని తట్టుకుంటుంది, కటానా 50కి ఏమీ కాదు. కండెన్సర్‌తో ఇంట్లో ఇబ్బంది వేరే. పడగ్గది గోడలు, కుక్కర్ విజిల్, పక్క గది టీవీ అన్నీ పట్టేస్తుంది. తమ్ముడికి వద్దనడానికి కారణం అది.

రిబ్బన్‌మనిషి (డాలస్):
రిబ్బన్ గురించి నా మాట. మా గదిలో రాయర్ ఆర్-121 రిబ్బన్ మైకు ఉంది. డిస్టార్షన్ మీద ఆ మెత్తదనం నిజమే, ఈక్యూ ముట్టుకోబుద్ధి కాదు. కానీ అది ఫిగర్-8, ముందూ వెనకా సమానంగా వింటుంది, కాబట్టి నీ వెనక గోడ కూడా రికార్డ్ అవుతుంది. దగ్గర్లో పెట్టి వెనకవైపు తిప్పితే కాస్త బ్రైట్‌గా వస్తుంది, అప్పుడు పోలారిటీ, అంటే సిగ్నల్ ప్లస్ మైనస్‌లు, తిప్పాలి. ఫాంటమ్ (ఇంటర్‌ఫేస్ నుంచి మైకుకి వెళ్ళే కరెంటు) ఆపి ఉంచడం మంచిది, కేబుల్‌లో షార్ట్ ఉంటే మైకు లోపల రిబ్బన్‌గా ఉన్న సన్నటి అల్యూమినియం రేకు సాగిపోవచ్చు. 15 వేలల్లో ఈ రాయర్ రాదు, ఇప్పుడు దాని కోసం ఆగక్కర్లేదు.

ఆరుతీగలు:
అన్నా, జాలీ తీసి, టేప్ పెట్టి, క్యాప్ అంచుకి జరిపిన. ఆ జుయ్యి పోయింది! అయినా 57 కూడా కొనాలనే ఉంది. రెండు మైకులు ఒక్కసారి పెట్టొచ్చా?

కోన్‌అంచు:
చాలా సంతోషం తమ్ముడూ. కొనదలుచుకుంటే నమ్మకమైన డీలర్ దగ్గరే కొను, 57కి నకిలీలు విపరీతం. మరీ చవగ్గా కనిపిస్తే వదిలెయ్. సెన్‌హైజర్ ఈ906 కూడా ఆంప్ కోసమే చేసింది, మూడు సౌండ్ల స్విచ్ ఉంటుంది. నీ దగ్గర 58 ఉంది కాబట్టి, నన్నడిగితే 57 కంటే ఈ906ఏ వేరే రంగు ఇస్తుంది.

రెండు మైకులు పెట్టేటప్పుడు క్యాప్సూళ్ళు స్పీకర్‌కి ఒకే దూరంలో ఉండాలి. రెండు సెంటీమీటర్ల తేడా వచ్చినా 8,500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 17 సెంటీమీటర్లైతే 1,000 దగ్గరే, అంటే గిటార్ ప్రాణం ఉన్నచోటే గుంట. కాబట్టి ఒక ఛానెల్‌కి పోలారిటీ తిప్పి, రెండూ సమానంగా వింటూ, ఒక మైకుని కదలనివ్వకుండా రెండోదాన్ని ముందుకీ వెనక్కీ జరుపు. సౌండ్ అన్నిటికంటే పల్చబడ్డ చోటే రెండూ సరిగ్గా కలిసినట్టు, అక్కడ స్టాండ్ బిగించి, పోలారిటీ మామూలుకి తిప్పేయ్.