వయొలిన్ మీద ఎర్హు (చైనా రెండు తీగల వాద్యం) జారు పలికించడం ఎలా?

ప్రశ్న: 1959లో షాంఘైలో తొలిసారి వినిపించిన ‘బటర్‌ఫ్లై లవర్స్’ వయొలిన్ కన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) సాధన చేస్తున్నాను. అందులోని ఎర్హు తరహా జారులన్నీ సైరన్ మోతలా వస్తున్నాయి. లోపం ఎక్కడండీ?

జవాబు 1: ఎడమచేతి ఒత్తిడి ఎక్కువైందండి. ఎర్హుకు ఫింగర్‌బోర్డ్ (తీగల కింది పలక) ఉండదు, వేలు తీగను గాలిలోనే నొక్కుతుంది. అందుకే జారేటప్పుడు ఒత్తిడి సగానికి తగ్గించి, స్వరం చేరాక మళ్లీ నొక్కండి. బో (కమాను) మాత్రం ఆగకూడదు. మొదటి స్వరం మీద నిలిచి చివర్లో చటుక్కున జారాలి. దారి పొడవునా ఒకే వేగమైతే అదే సైరన్!

జవాబు 2: ఒకే వేలితో జారండి. ఎర్హు తీగల శ్రుతి వయొలిన్ డి, ఏ తీగలదే, కాబట్టి వీలైనంతవరకు వాటి మీదే వాయించండి. ఓపెన్ తీగ (వేలు నొక్కనిది) జారదు. అక్కడ నాలుగో వేలు వాడాలి.

ప్రశ్న: మరి వైబ్రాటో (స్వరాన్ని వేలితో కంపింపజేయడం)?

జవాబు 1: చేరగానే వద్దండి. స్వరం నిలిచాక, మెల్లగా మొదలుపెట్టండి.