‘జాతికి అంకితం’: ఏ జాతికి?

మిత్రులకు నమస్కారం. విశాఖ నుంచి రాస్తున్నాను.

మా అమ్మాయి పోటీపరీక్షకు చదువుకుంటూ అడిగింది: “నాన్నా, ఉక్కు కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారు జాతికి అంకితం చేశారని ఉంది. నినాదమేమో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’. ఇంతకీ జాతి అంటే ఎవరు?” భారతదేశమేనమ్మా అని చెప్పేశాను. చెప్పాను గానీ మనసొప్పలేదు. 1966లో ఆ నినాదం పట్టుకుని వీధుల్లోకి వచ్చినవాళ్లలో కమ్యూనిస్టులూ ఉన్నారు. కార్మికవర్గం పేరెత్తాల్సిన పార్టీకి ‘ఆంధ్రుల’ అనే మాట ఎలా నోటికొచ్చింది? ‘జాతి’ అన్న పదాన్ని విప్పి చూస్తే తెలుస్తుందేమో. పెద్దలు చెప్పాలి.

సింహాచలం నుంచి తెలుగు మాస్టారు:
‘జన్’ ధాతువు నుంచి వచ్చింది, పుట్టుక అని అర్థం. పక్షిజాతి, ఆడజాతి అంటాం. ఛందస్సులో కందం, ద్విపద జాతులు. ఆటవెలది, తేటగీతి ఉపజాతులు. పల్లెలో ‘ఏ జాతి’ అని అడిగితే కులం అడిగినట్టే. జాతీయోద్యమ కాలంలో ‘నేషన్’ బరువు కూడా దీని మీదే పడింది. ‘జాతీయం’ చూడండి: ఒకచోట నుడికారం, ఇంకోచోట 1969లో 14 బ్యాంకులకు చేసిన పని.

గాజువాక నుంచి, ఉక్కులో పనిచేసి రిటైరైన సభ్యులు:
‘కార్మికులకు దేశం లేదు’ అని మార్క్స్, ఎంగెల్స్ ‘కమ్యూనిస్టు ప్రణాళిక’లోనే రాశారు కదా. ఇక జాతి ఎక్కడిది?

నా జవాబు:
అన్నగారూ, 1848 నాటి ఆ వాక్యంలో జర్మన్ మాట ‘ఫాటర్‌లాండ్’, అంటే పితృభూమి. తెలుగులో ‘దేశం’ అనేసరికి ఆ వాసన పోయింది. మనకు దేశమంటే ప్రాంతం కూడా, ‘ఆంధ్రదేశం’ అనుకున్నవాళ్లం. పైగా ఆ వాక్యాన్ని అక్కడే ఆపేస్తున్నాం. కార్మికవర్గం ముందు రాజకీయాధికారం సాధించి తానే జాతిగా నిలబడాలని ఆ వెంటనే ఉంది. జాతిని వద్దనలేదు, జాతి అనిపించుకునేది ఎవరన్నదే తగువు.

1913లో స్టాలిన్ కొలత పెట్టాడు: భాష, భూభాగం, ఆర్థిక జీవనం, సంస్కృతిలో కనిపించే మనస్తత్వం, ఈ నాలుగూ ఉమ్మడిగా ఉండి చరిత్రలో ఏర్పడిన స్థిరమైన సముదాయం జాతి. ఆ కొలతతో చూస్తే తెలుగువాళ్లు ఒక జాతి. 1942లో కమ్యూనిస్టు పార్టీ భారతదేశాన్ని అనేక జాతుల దేశంగా చూసింది. 1946లో పుచ్చలపల్లి సుందరయ్య గారు రాసిన పుస్తకం పేరు ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’. ఆ ‘లో’ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ‘విశాలాంధ్ర ప్రజారాజ్యం’ అంటే రెండూ ఒకటైపోయేవి. ‘లో’ పెట్టడంతో విశాలాంధ్ర పాత్ర అయింది, ప్రజారాజ్యం అందులో పోసేది అయింది. ఇంత చిన్న ప్రత్యయం అంత పెద్ద సిద్ధాంతాన్ని మోయడం నాకు ఎంతో అపురూపంగా అనిపిస్తుంది.

సోవియట్ సూత్రమూ ఇదే: సంస్కృతి రూపంలో జాతీయం, సారంలో సోషలిస్టు. 1922 డిసెంబరు 30న ఏర్పడ్డ ఆ రాజ్యం విడిపోయే హక్కును రాజ్యాంగంలోనే రాసుకుంది. లిపి లేని చిన్న భాషలకు 1920లలో లిపులు కట్టారు, బడులు పెట్టారు. భాషాభిమానిగా ఆ పనికి చేతులెత్తి మొక్కుతాను. కానీ 1938లో రష్యన్ అన్ని బడుల్లో తప్పనిసరైంది. 1944లో చెచెన్లను, క్రిమియా తాతార్లను జాతికి జాతినే రైళ్లలో ఎక్కించి మధ్య ఆసియాకు తరిమారు. ‘జాతి’ అన్న ఏ మాటతో బడి కట్టారో ఆ మాటతోనే తరిమేవాళ్ల జాబితా రాశారు. ‘పాత్ర మాత్రమే’ అన్న వాదన నాకు అక్కడ నిలవదు. అదే ఏడాది రాజ్యగీతంగా ‘ఇంటర్నేషనల్’ అనే కార్మికుల అంతర్జాతీయ గీతం పోయి, దేశాన్ని కీర్తించే గీతం వచ్చింది.

మన కర్మాగారం ఆ సోవియట్ సహకారంతో లేచిందే, ఒప్పందం 1979 నాటిది. 1991 డిసెంబరులో ఆ రాజ్యం సరిగ్గా జాతుల గీతల వెంటే 15 ముక్కలైంది. ఏడు నెలలకు ఇక్కడ ‘జాతికి అంకితం’.

గాజువాక సభ్యులు:
1966 ఉద్యమంలో 32 మంది పోయారు. నవంబరు 1న, రాష్ట్రావతరణ రోజునే, మన ఊళ్లో కాల్పులు జరిగాయి. 2021లో అమ్మకం మాట రాగానే కూర్మన్నపాలెంలో శిబిరం వేశాం. ఎర్రజెండాలున్నాయి, వేరే జెండాలూ ఉన్నాయి. నినాదం మాత్రం ‘ఆంధ్రుల హక్కు’ అనే. ‘కార్మికుల హక్కు’ అని మార్చాలని మాలో ఎవరికీ తోచలేదు బాబూ.

నా జవాబు:
ఈ మాట అమ్మాయికి చదివి వినిపించాను అన్నగారూ. ఇంకొక్కటి అడగాలి. సోవియట్ పాస్‌పోర్టులో పౌరసత్వం వేరు, ‘నాత్సియొనాల్నొస్త్’ అనే గడి వేరు. ఉజ్బెక్, జార్జియన్ అని రాసేది ఆ గడిలో. దాన్నీ ‘జాతి’ అనేస్తే సోవియట్ జాతి ఏది, ఉజ్బెక్ జాతి ఏదో పాఠకుడికి అందదు. మాస్కో ప్రగతి ప్రచురణాలయం వారి పాత తెలుగు పుస్తకాలు ఎవరి ఇంట్లోనైనా ఉంటే, అక్కడ ఏ మాట వాడారో ఆ పేజీ ఫొటో ఇక్కడ పెట్టండి.