పేరులోనే లోకల్ అని ఉంది కదా, అంత కంగారెందుకు?

లంకకుర్రోడు: మా కాలేజీ ల్యాబ్ లైనక్స్ సర్వర్లో పోల్‌కిట్ (ఎవరికి ఏ హక్కులుండాలో చూసే ప్యాకేజీ) పాతదే ఉందని నిన్న చూశాను. 2022 జనవరి 25న క్వాలిస్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్లు బయటపెట్టిన ప్వన్‌కిట్ లోపం అలాగే ఉంది. 'లోకల్ ప్రివిలేజ్ ఎస్కలేషన్' అంటారు ఈ రకాన్ని. పోల్‌కిట్‌లోని పీకేఎగ్జెక్‌లో (ఇంకొకరి హక్కులతో కమాండు నడిపే ప్రోగ్రాం) 2009లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ ఉన్నదే. మామూలు లాగిన్ ఉన్నవాడెవడైనా రూట్ (సర్వర్ మీద అన్ని హక్కులూ ఉన్న యూజర్) అయిపోవచ్చు. మా పిల్లలు అరవై మందికి లాగిన్లున్నాయి. అప్‌డేట్‌కి పరీక్షలయ్యేదాకా ఆగమంటున్నారు. ఆగొచ్చా?

చెరువుగట్టు: ఆగొచ్చు. లోకల్ అంటే ముందు లోపలికి రావాలి. తీవ్రత స్కోరు కూడా పదికి 7.8.

పాతకాపు: 7.8 అంటే 'హై' అండి.

చెరువుగట్టు: క్రిటికల్ అయితే కాదుగా? 9 నుంచి క్రిటికల్.

లంకకుర్రోడు: లోకల్ అంటే మెషీన్ ముందు కుర్చీలో కూర్చోవాలని కాదండీ. ఎస్సెస్‌హెచ్‌లో (దూరం నుంచి లాగినయ్యే పద్ధతి) అమెరికా నుంచి లాగినైనా లోకలే. పీకేఎగ్జెక్‌ని ఎవరు పిలిచినా అది రూట్ హక్కులతో నడుస్తుంది. ప్రోగ్రాం పేరుతో సహా ఒక్క ఆర్గ్యుమెంటూ (కమాండుతో ఇచ్చే మాట) ఇవ్వకుండా పిలిస్తే లెక్క తప్పి, పక్కనున్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌నే (ప్రోగ్రాంకి అందే సెట్టింగు) ఆర్గ్యుమెంటనుకుని చదువుతుంది, తిరిగి అక్కడే రాస్తుంది. ప్రమాదమని ముందే ఏరి పారేసిన వేరియబుల్ అలా మళ్లీ లోపలికొస్తుంది. అంతే, రూట్.

చెరువుగట్టు: బాగానే ఉంది. రీబూట్ చేశాక లేవకపోతే ఎవరు లేపుతారు? కిందటేడు రొయ్యల పట్టుబడి రోజుల్లో మా మేత కొట్టు సర్వర్‌కి కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) అప్‌డేట్ చేశా. నల్ల స్క్రీన్ మీద కర్సర్ ఒక్కటే మిణుకుమిణుకు. బయట మూడు వ్యాన్లు. రాత్రి పదకొండింటి దాకా కార్బన్ పేపరు పెట్టి బిల్లులు చేత్తో రాశా.

లంకకుర్రోడు: అది కెర్నెల్ గారూ, ఇది ప్యాకేజీ. రీబూట్ అక్కర్లేదు. అప్‌డేట్ కుదరకపోతే ప్రస్తుతానికి పీకేఎగ్జెక్ మీద సీహెచ్‌మాడ్ 0755 కొడితే చాలు, రూట్ హక్కులతో నడవడం ఆగిపోతుంది.

చెరువుగట్టు: మరి కెర్నెల్‌లో బయటపడ్డ డర్టీ పైప్ లోపానికి రీబూట్ అక్కర్లేదా? అదీ 2022దేగా, మార్చి.

లంకకుర్రోడు: అది 5.8 కెర్నెల్‌తో మొదలైంది. మాది అంతకంటే పాతది. నేనడిగింది దాని గురించి కాదు.

గోదారిగట్టు: ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకే మొదటి హెచ్చరిక ఇస్తారు. గట్టు తెగేదాకా ఆగరు.

చెరువుగట్టు: వరద కబుర్లొద్దు. రీబూట్ సంగతి చెప్పండి.

లంకకుర్రోడు: చెప్పానుగా, అక్కర్లేదని! అసలు మీ కొట్లో ఎంతమందికి లాగిన్లున్నాయి?

చెరువుగట్టు: ఒకటే. అందరూ దాన్నే వాడతారు. పదేళ్లుగా ఉన్న మనుషులు. వాళ్లని దొంగలంటావా?

లంకకుర్రోడు: ఆ మాట నేననలేదు. మానేసి వెళ్లినవాళ్లకీ ఆ పాస్‌వర్డ్ తెలుసు కదా అంటున్నా.

చెరువుగట్టు: నీతులు చెప్పకు. ఆ కెర్నెల్ అప్‌డేట్ చేసెయ్యమని ఇక్కడే చెప్పింది నువ్వే. ఆ రాత్రి మూడుసార్లు మెసేజ్ పెట్టా. ఒక్కదానికీ పలకలేదు.

పాతకాపు: ఆయ్, ఇదన్నమాట అసలు సంగతి.

లంకకుర్రోడు: చూశానండీ. ఎందుకు లేవలేదో నాకూ తెలియలేదు. తెలియదని రాయడానికి మొహం చెల్లలేదు.

చెరువుగట్టు: ఆ ముక్కే రాసుంటే ఇంకొకణ్ణి పిలుచుకునేవాణ్ణిగా.

పాతకాపు: ఇంతకీ సీహెచ్‌మాడ్ కొట్టావా?

లంకకుర్రోడు: ఇందాకే. ఫైలు హక్కులు చూపించే ఎల్ఎస్‌లో చూస్తే రూట్ హక్కుల గుర్తు 'ఎస్' పోయి మామూలు 'ఎక్స్' వచ్చింది. అప్‌డేట్ ఆదివారం చేస్తా.

చెరువుగట్టు: కొట్టిన కమాండు ఇక్కడ పెట్టు. రీబూట్ లేదన్నావు, గుర్తుంచుకో. ఈసారి ఫోన్ నంబరు కూడా మెసేజ్‌లో పంపు.