అప్‌డేట్: ఇంటర్వ్యూలో ఇంగ్లీష్ టెన్షన్ గురించి అడిగాను కదా, ఉద్యోగం వచ్చింది

తెలుగు మీడియంలో చదివి బీకాం చేశాను, సబ్జెక్ట్ తెలిసినా ఇంగ్లీషులో అడిగేసరికి మాట పెగలడం లేదు, ఏం చేయాలని అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్. హైదరాబాద్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో అకౌంట్స్ అసిస్టెంట్‌గా తీసుకున్నారు.

అన్నిటికంటే పనికొచ్చింది జవాబులు బట్టీ పట్టొద్దన్న సలహా. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అంటే ఇప్పుడేం చేస్తున్నాను, ఇంతకు ముందు ఏం నేర్చుకున్నాను, ఈ ఉద్యోగం ఎందుకు కావాలి అనే వరుస మాత్రం గుర్తుపెట్టుకుని, ప్రతిసారీ కొత్త మాటల్లో చెప్పి ఫోన్‌లో రికార్డ్ చేసుకుని విన్నాను. తెలుగులో పొడుగ్గా ఆలోచించి అదంతా ఒకే ఇంగ్లీష్ వాక్యంలో ఇరికించబోయి మధ్యలో ఆగిపోతున్నానని అప్పుడు అర్థమైంది. చిన్న వాక్యాలకు మారాక నిజంగా తేలికైంది.

కష్టమైన పని ఏదైనా ఎలా పూర్తి చేశారో చెప్పమన్నారు. మీరు చెప్పిన స్టార్ పద్ధతిలోనే, అంటే పరిస్థితి, నా బాధ్యత, నేను చేసింది, ఫలితం అనే క్రమంలో, ట్రైనింగ్‌లో పర్చేజ్ రిజిస్టర్‌ని జీఎస్టీఆర్-2బీతో (అమ్మినవాళ్లు వేసిన రిటర్నుల నుంచి జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే మన కొనుగోళ్ల స్టేట్‌మెంట్) సరిచూసి తేడాలు ఎలా పట్టుకున్నానో చెప్పాను. ఒక ప్రశ్న అర్థం కాక "కుడ్ యూ ప్లీజ్ రిపీట్ దట్?" అన్నాను, ఇంటర్వ్యూ చేసినాయన మామూలుగానే మళ్లీ అడిగారు. అలా అడగడానికి భయపడకండి.

యాస మార్చుకోవాలా అని ఒకరు అడిగారు. నేను మార్చుకోలేదు, నిదానంగా స్పష్టంగా మాట్లాడితే చాలు. జీతం ఎంత ఆశిస్తున్నారనే ప్రశ్నకు మాత్రం ఒక అంకె ముందే అనుకుని, అది కూడా పైకి చెప్పి ప్రాక్టీస్ చేసి వెళ్లండి.