ఫిరాయింపు పిటిషన్ల మీద స్పీకర్‌కు సుప్రీంకోర్టు గడువు పెట్టొచ్చా?

భద్రాద్రి ఓటరు:
2023 అసెంబ్లీ ఎన్నికల్లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని పది సీట్లలో బీఆర్ఎస్ గెలిచింది ఒక్క మా భద్రాచలమే. జిల్లా అంతా కాంగ్రెస్ గాలి వీస్తుంటే ఇక్కడి జనం కారు గుర్తుకు ఓటేశారు. ఐదు నెలలు తిరక్కుండానే గెలిచినాయన ముఖ్యమంత్రి సమక్షంలో కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు. ఆయనతో కలిపి పదిమంది మీద అనర్హత పిటిషన్లు పడితే నెలల తరబడి నోటీసు కూడా వెళ్లలేదు, కేసు సుప్రీంకోర్టు గడప తొక్కాక, 2025 జనవరిలో గానీ కదలిక రాలేదు. చివరికి జూలై 31న జస్టిస్ గవాయ్, జస్టిస్ మసీహ్‌ల బెంచ్ మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌ను ఆదేశించింది. ఊరుకుంటే ఇది "ఆపరేషన్ సక్సెస్, పేషెంట్ డెడ్" అవుతుందని కూడా అంది. నేను ఏ పార్టీ మనిషినీ కాను. కోర్టు చేసింది సరైన పనే అని నా అభిప్రాయం. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

సభాపక్షం:
అన్నా, మీ బాధ అర్థమైంది కానీ ఎమ్మెల్యే మీద కోపంతో కోర్టుకు అధికారం కట్టబెట్టేస్తున్నారు. శాసనసభ వ్యవహారాల్లో కోర్టులు వేలు పెట్టకూడదని 212వ అధికరణం ఎందుకు ఉంది? స్పీకర్‌ను ఎన్నుకునేది సభ, దించాలంటే దించేదీ సభే. జడ్జీని ఎవరు ఎన్నుకున్నారు? జడ్జీల నియామకం కోసం పార్లమెంటు రాజ్యాంగ సవరణ చేసి, సగానికి పైగా రాష్ట్రాలు ఆమోదిస్తే, దాన్ని 2015లో 4-1తో కొట్టేశారు, మన జస్టిస్ చలమేశ్వర్ ఒక్కరే కాదన్నారు. ఇంకో సంగతి. బిల్లుల విషయంలో గవర్నర్లకు కోర్టులు గడువు పెట్టలేవని 2025 నవంబరు 20న ఇదే సుప్రీంకోర్టు, ఐదుగురు జడ్జీల బెంచ్ చెప్పింది. గవర్నర్‌కు లేని గడువు స్పీకర్‌కు ఎలా వచ్చింది?

కరకట్ట కుర్రోడు:
ఆంధ్రావాళ్లకు ఇది పాత గాయం. 2014 తర్వాత 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు టీడీపీలోకి వెళ్లారు, వాళ్లలో నలుగురు 2017 ఏప్రిల్‌లో మంత్రులయ్యారు కూడా, పిటిషన్లు మాత్రం స్పీకర్ దగ్గరే పడి ఉన్నాయి, సభ గడువే అయిపోయింది. తెలంగాణలో కూడా టీడీపీ టికెట్ మీద సనత్‌నగర్‌లో గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ 2014లోనే టీఆర్ఎస్ మంత్రివర్గంలో చేరారు, రాజీనామా ఇచ్చానన్నారు, అది ఆమోదం పొందలేదు. ఇవాళ కోర్టుకు వెళ్లిన పార్టీ అప్పుడు అధికారంలో ఉంది. 2019లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలను విలీనం పేరుతో కలుపుకున్నదీ వాళ్లే. అయినా సరే, ఎవరు వెళ్లారన్నది చూడకుండా కోర్టు ఈ గడువు పెట్టినందుకు నేను సంతోషిస్తున్నా. పదేళ్ల ముందు పెట్టాల్సింది.

భద్రాద్రి ఓటరు:
సభాపక్షం గారూ, ముందు 212 సంగతి. సభలో ఎవరికి మైకు ఇచ్చారు, ఎవర్ని సస్పెండ్ చేశారు అనేవాటిలో కోర్టు జోక్యం చేసుకోకూడదంటే నేనూ ఒప్పుకుంటా. కానీ పదో షెడ్యూల్ కింద, అంటే రాజ్యాంగంలోని ఫిరాయింపుల నిరోధక చట్టం కింద, పిటిషన్ వింటున్నప్పుడు స్పీకర్ ఒక ట్రిబ్యునల్, అంటే కోర్టులా తగువు తీర్చే అధికారి. ఆయన ఇచ్చే ఆర్డర్‌ను కోర్టు సమీక్షించొచ్చని 1992లో కిహోటో హోలోహాన్ కేసులోనే తేల్చారు. ఆ తీర్పు 3-2. కాదన్న ఇద్దరు జడ్జీలు, జస్టిస్ శర్మ, జస్టిస్ వర్మ, స్పీకర్ పదవి సభలో మెజారిటీ మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ఆయన్ని తటస్థ న్యాయనిర్ణేత అనుకోలేమన్నారు. మెజారిటీ జడ్జీలు నమ్మారు. నమ్మి, స్పీకర్ నిర్ణయం ఇచ్చాకే కోర్టు చూస్తుంది, మధ్యలో రాదు అన్నారు.

అసలు కిటుకంతా అక్కడే ఉంది. నిర్ణయం ఇస్తేనే కదా కోర్టు చూసేది, ఇవ్వకపోతే? పిటిషన్ తీసి పక్కన పెడితే ఐదేళ్లు గడిచిపోతాయి, సభ రద్దవుతుంది, దాంతోపాటు పిటిషనూ పోతుంది. ఇది ఏ ఒక్క పార్టీ కనిపెట్టింది కాదు, అందరూ వాడుకున్నదే, పైన కరకట్ట తమ్ముడు రాసిన లెక్క చూడండి. 2024 నవంబరులో తెలంగాణ హైకోర్టు డివిజన్ బెంచ్ కూడా స్పీకర్ సమంజసమైన సమయంలో తేల్చాలని చెప్పి వదిలేసింది. సమంజసం అంటే ఎన్ని నెలలో ఎవరూ చెప్పనంతకాలం ఆ మాటకు విలువ ఉండదు. మూడు నెలలు అనేది సుప్రీంకోర్టు కొత్తగా సృష్టించిందీ కాదు, 2020 జనవరిలో మణిపూర్ ఫిరాయింపు కేసులో ముగ్గురు సుప్రీంకోర్టు జడ్జీలు మామూలు పరిస్థితుల్లో గరిష్ఠంగా ఇంత అని చెప్పిందే.

గవర్నర్ పోలిక గురించి. బిల్లుకు ఆమోదం చట్టం చేసే ప్రక్రియలో భాగం, గవర్నర్ అక్కడ ఇద్దరి మధ్య తగువు తీర్చడం లేదు. స్పీకర్ ఇక్కడ తీరుస్తున్నారు. ఆ నవంబరు అభిప్రాయం నాకు నచ్చలేదు, అది వేరే విషయం, అయినా అందులో కూడా కారణం చెప్పకుండా సుదీర్ఘంగా జాప్యం చేస్తే పరిమితంగా ఆదేశం ఇవ్వొచ్చనే వదిలారు.

సభాపక్షం:
సరే, గడువు పెట్టారు. ఏమైంది? మూడు నెలలు దాటింది, నవంబరులో స్పీకర్‌కు కోర్టు ధిక్కార నోటీసు ఇచ్చి ఇంకో నాలుగు వారాలు ఇచ్చారు, డిసెంబరులో ఐదుగురి మీద పిటిషన్లను ఆధారాలు లేవని స్పీకర్ కొట్టేశారు. మీ భద్రాచలం ఎమ్మెల్యే కూడా అందులో ఉన్నారు. మీకు ఒరిగిందేంటి? మణిపూర్‌లో గడువు దాటితే సుప్రీంకోర్టు 142వ అధికరణం (పూర్తి న్యాయం కోసం దానికున్న ప్రత్యేక అధికారం) కింద ఒక మంత్రిని నేరుగా పదవిలోంచి తీసేసి, అసెంబ్లీలో అడుగు పెట్టొద్దంది. సభలో ఎవరు కూర్చోవాలో జడ్జీలు చెప్పే రోజు వస్తే ఇవాళ చప్పట్లు కొట్టినవాళ్లే రేపు ఏడుస్తారు.

భద్రాద్రి ఓటరు:
ఒరిగింది ఉంది. ఇన్నాళ్లూ కోర్టు ముందు పెట్టడానికి ఒక కాగితమే లేదు. ఇప్పుడు స్పీకర్ రాసిన ఆర్డర్ ఉంది, అది తప్పనుకుంటే కోర్టులో సవాలు చేయొచ్చు. రాజీనామా లేఖ లేకపోయినా ఒక సభ్యుడి నడవడిక చూసి పార్టీ వదిలేశాడని తేల్చొచ్చని 1994లో రవి నాయక్ కేసులోనే చెప్పారు. బీఆర్ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే దానం నాగేందర్ 2024లో సికింద్రాబాద్ లోక్‌సభకు కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీ చేశారు, బ్యాలెట్ మీద హస్తం గుర్తు పక్కన ఆయన పేరు లక్షల మంది చూశారు. ఇంతకంటే ఏం ఆధారం కావాలి?

మణిపూర్‌లో కోర్టు కావాలని దూరలేదు, ఇచ్చిన గడువులో స్పీకర్ తేల్చలేదు కాబట్టి వెళ్లింది. స్పీకర్ నుంచి ఈ పని తీసేసి ఒక శాశ్వత ట్రిబ్యునల్‌కు ఇవ్వడం ఆలోచించమని అప్పుడే పార్లమెంటుకు చెప్పింది, 2025లో మళ్లీ ఈ ఏర్పాటును పునరాలోచించమంది. ఏ ప్రభుత్వమూ కదల్లేదు. అవతలి పార్టీవాళ్లను లాక్కునే వీలు తమకూ ఉండాలని అందరికీ ఉంది. వాళ్లు కదిలేదాకా గడువు పెట్టడం కోర్టు పనే, దాటితే మణిపూర్‌లో చేసిందే ఇక్కడా చేయాలి.

సభాపక్షం:
మణిపూర్ దాకా వెళ్లడం నేను ఒప్పుకోను. ట్రిబ్యునల్‌కు మాత్రం ఓకే, పార్లమెంటు చట్టం చేసి పెడితే. కానీ అన్నా, అందులో కూర్చునే రిటైర్డ్ జడ్జీని ఎవరు వేస్తారు? ప్రభుత్వం వేస్తే మళ్లీ స్పీకర్ కథే, సుప్రీంకోర్టు వేస్తే నేను మొదట అడిగిన ప్రశ్నే. దీనికి మీ దగ్గర జవాబు ఉంటే రాయండి.