దక్షిణ తెలంగాణ వాగులు: చెట్టు కొమ్మలా, బండ పగుళ్లా?

దేవరకొండ చెల్క:
నల్లగొండ, పాలమూరు ప్రాంతపు వాగులన్నీ వృక్షాకార వ్యవస్థకు చెందినవని బడిలో చదువుకున్నాం. ఒకే రకమైన రాయి, తక్కువ వాలు ఉన్నచోట ఒర్రెలు (చిన్న నీటి పాయలు) ఐమూలగా వచ్చి వాగులో, వాగులు మూసీలోనో దిండిలోనో, అవి కృష్ణలో కలుస్తాయన్నది ఆ పాఠం సారాంశం. నాకు ఇందులో సందేహం ఉంది. మా చెల్క పక్కన పారే ఒర్రె పడమటి నుంచి తిన్నగా వచ్చి, నల్లరాళ్లు వరుసగా తేలిన ఒక గట్టును తాకగానే దక్షిణానికి తిరుగుతుంది. సుమారు రెండు వందల గజాలు ఆ గట్టు వెంబడే పారి, అది తెగినచోట దూరి మళ్లీ తూర్పు పడుతుంది. ఆ సందులోనే పెద్దలు కుంట కట్ట పోశారు. గట్టుకు ఎగువనున్న మా బావిలో ఎండాకాలంలోనూ నీళ్లుంటాయి, దిగువన రెండు బోర్లు ఎండిపోయాయి. ఇలా మూల తిరిగే ఒర్రెను కొమ్మ అని ఎలా అనగలం?

పాలమూరు భూగోళం:
మీరు చూసిన నల్లరాతి గట్టును డైకు అంటారు. ఇక్కడి గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అది పగిలినప్పుడు ఆ సందుల్లోకి కింది నుంచి చొచ్చుకువచ్చి గట్టిపడిన డోలరైటే మీ గట్టు. అందులో పగుళ్లు లేనిచోట భూమిలోని ఊటను అడ్డుకుంటుంది కనుక మీ బావి నిలిచింది. ఇంతవరకు మీతో పేచీ లేదు. అయితే ఒక్క ఒర్రె మలుపును చూసి మొత్తం పరీవాహక ప్రాంతానికి పేరు మార్చడం సరికాదు. 1:50,000 స్కేలు టోపో షీటుపై (ఎత్తుపల్లాలు, వాగులు చూపే నక్షపై) మన దుందుభి వాగు పాయలను పెన్సిలుతో దిద్ది చూడండి, ఆకు ఈనెలే కనిపిస్తాయి.

అమ్రాబాద్ వాసి:
మీ ఇద్దరి మాటా గ్రానైటు మైదానానికే వర్తిస్తుంది. మా నల్లమల గుట్టలపై ఉన్నది పొరలు పొరలుగా పరుచుకున్న క్వార్ట్‌జైటు. మల్లెలతీర్థం దగ్గర నీరు ఆ బండ అంచు మీది నుంచి లోయలోకి దూకుతుంది. ప్రాంతమంతటికీ ఒకే పేరు పెట్టడంలోనే చిక్కు ఉంది.

దేవరకొండ చెల్క:
సార్, పేరు మొత్తానికి పెడతారన్నది ఒప్పుకుంటాను. కానీ చెక్‌డ్యామ్ కట్టేది ముక్కలోనే కదా. మా ఊళ్లో ఆ రెండు బోర్లకు ఊట అందాలని, నక్షలో ఒర్రెలు కలిసే చోటు చూసి, గట్టుకు ఎగువన ఒకటి కట్టారు. నీళ్లయితే నిండుగా నిలిచాయి. మధ్యలో డైకు ఉండడంతో దిగువ బోర్లు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. వృక్షాకారమన్న మాట నమ్మి రాయిని చూడకపోవడం వల్లనే ఇలా జరిగిందని నా వాదన.

పాలమూరు భూగోళం:
నేలపై నీటి దారిని చూపే నక్షతో భూమి లోపలి ఊటను లెక్కగట్టడం పొరపాటే, దానికి రాళ్ల నక్షను కూడా పక్కన పెట్టుకోవాలి. ఆ పొరపాటును వృక్షాకారమన్న పేరు మీద వేయలేం. ఒక పని చేయండి: ఆ గట్టు వెంబడి రెండు వైపులా నడిచి, అది ఇంకా ఏ ఒర్రెలను తాకుతుందో చూసి ఇక్కడ రాయండి. నాలుగైదు ఒర్రెలు అదే వరుసలో మూల తిరిగితే, మీ పరిసరాల వరకు నా మాట మార్చుకుంటాను.