12 అంగుళాల సబ్‌వూఫర్ సొంతంగా కట్టాను, ఏ యాంప్ (యాంప్లిఫైయర్) పెట్టాలి?

చెక్కపని:
అందరికీ నమస్కారం. మూడు నెలల పాటు సెలవు రోజులన్నీ పెట్టి సబ్‌వూఫర్ (అడుగు బేస్ కోసం పెట్టే స్పీకర్) బాక్స్ ఒకటి పూర్తి చేశాను. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, సీల్డ్ బాక్స్ (గాలి బయటికి పోని పెట్టె), లోపల అడ్డ కర్రలు పోను 50 లీటర్ల ఖాళీ. కోన్‌ని రెండు చేతులతో మెల్లగా నొక్కి వదిలితే చటుక్కున లేవకుండా తాపీగా పైకొస్తోంది. గాలి ఎక్కడా పెద్దగా లీక్ కావడం లేదని దాన్నిబట్టి అనుకుంటున్నాను.

డ్రైవర్ (బాక్స్‌లో బిగించే స్పీకర్ యూనిట్) 12 అంగుళాలది. రెండు వాయిస్ కాయిల్స్ (కోన్‌ని కదిలించే తీగచుట్టలు), ఒక్కోటి 4 ఓమ్‌లు. డేటాషీట్ ప్రకారం ఎఫ్ఎస్ (డ్రైవర్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) 26 హెర్ట్జ్, క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే అంకె) 0.45, వీఏఎస్ (కోన్ పట్టు ఎంత మెత్తనో గాలి పరిమాణంలో చెప్పే అంకె) 80 లీటర్లు, ఎక్స్‌మ్యాక్స్ (కోన్ ఒక వైపు కదలగల దూరం) 12 మిల్లీమీటర్లు, పవర్ 400 వాట్లు ఆర్ఎంఎస్ (ఆగకుండా తట్టుకునేది).

ప్రస్తుతానికి ఇంట్లో ఉన్న టీపీఏ3116 చిప్ ఉన్న చిన్న యాంప్ బోర్డుతో, 24 వోల్టుల 5 ఆంపియర్ల అడాప్టర్‌తో నడుపుతున్నాను. కాయిల్స్ రెండూ సిరీస్‌లో కలిపి ఒకే ఛానెల్‌కి ఇచ్చాను. పాటలకి హాయిగా ఉంది. సినిమాలో పెద్ద పేలుడు వచ్చిందంటే మాత్రం బేస్ బదులు 'టప్' అని ఏదో చిట్లినట్టు వినిపిస్తోంది. వెంటనే రిమోట్ అందుకుంటున్నాను. ఇంత కష్టపడి కట్టింది, డ్రైవర్ పాడైపోతుందేమోనని టెన్షన్.

400 వాట్ల డ్రైవర్‌కి 600 వాట్ల యాంప్ ఉండాలని ఒక మిత్రుడు గట్టిగా చెబుతున్నాడు. ప్లేట్ యాంప్ (బాక్స్ గోడకే బిగించేది) కొనాలా, క్లాస్-డి బోర్డు (ఇప్పుడు వాడుతున్నలాంటి విడి యాంప్ బోర్డు) తీసుకోవాలా, మూలన ఉన్న పాత కారు యాంప్ వాడుకోవచ్చా? రిసీవర్‌కి సబ్ అవుట్ (సబ్‌వూఫర్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్) ఉంది.

మంద్రస్థాయి:
కారు యాంప్ వద్దండీ. యాంప్ బాగానే ఉండొచ్చు, చిక్కంతా 12 వోల్టులతోనే. ఉదాహరణకి 270 వాట్లు బయటికి రావాలంటే నష్టాలతో కలిపి 30 ఆంపియర్ల దాకా లాగుతుంది. కారులో అయితే బ్యాటరీ ఇస్తుంది. ఇంట్లో అంత కరెంట్ ఇచ్చే సప్లై కోసం పెట్టే ఖర్చుతో మంచి యాంపే వస్తుంది.

ఓమ్‌లెక్క:
చెక్కపని గారూ, ముందు మీ బాక్స్‌కి అభినందనలు. 50 లీటర్లలో మీ డ్రైవర్‌కి క్యూటీసీ (బాక్స్‌లో పెట్టాక క్యూటీఎస్ మారే విలువ) సుమారు 0.73, రెజొనెన్స్ (అలాగే ఎఫ్ఎస్ మారే విలువ) 42 హెర్ట్జ్ వస్తాయి. సీల్డ్ బాక్స్‌కి ఇంతకంటే చక్కటి జోడీ అడగలేం.

ఆ 'టప్' డ్రైవర్‌ది కాదని నా నమ్మకం. అది యాంప్ క్లిప్ అవుతున్న (తన హద్దు దాటి ఇవ్వలేక తరంగం తల తెగుతున్న) చప్పుడు. బ్రిడ్జ్ అవుట్‌పుట్ (స్పీకర్ రెండు వైర్లనీ యాంపే నడిపే పద్ధతి) ఉన్న క్లాస్-డి బోర్డు ఎంత పవర్ ఇవ్వగలదో బోర్డు పేరు చెప్పదు, సప్లై వోల్టేజీ చెబుతుంది. వోల్టేజీని దానితోనే గుణించి, ఓమ్‌లకి రెట్టింపుతో భాగిస్తే గరిష్ఠం తెలిసిపోతుంది. మీకు 24 వోల్టులు, సిరీస్‌లో 8 ఓమ్‌లు. 576ని 16తో భాగిస్తే 36 వాట్లు. శుభ్రంగా వచ్చేది 30. ఆ బోర్డు మీద 100 వాట్లని రాసి ఉన్నా సరే, మీ కనెక్షన్‌లో అంతకు మించి రాదు.

ఇక 600 వాట్ల సంగతి. మీ నంబర్లతో లెక్క వేశాను. కోన్ వైశాల్యం 12 అంగుళాల డ్రైవర్లకి మామూలుగా ఉండే 490 చదరపు సెంటీమీటర్లే అనుకున్నాను. 20 హెర్ట్జ్ దగ్గర 170 వాట్లకే కోన్ 12 మిల్లీమీటర్లు కదిలిపోతోంది. 30 హెర్ట్జ్ దగ్గర 200 వాట్లకి, 40 దగ్గర 290కి. డేటాషీట్‌లో ఉన్న 400 వాట్లు కాయిల్ ఎంత వేడి తట్టుకుంటుందో చెప్పే అంకె. కోన్ ఎంత దూరం కదలగలదన్నది వేరే హద్దు, అడుగు బేస్‌లో మీకు ముందు తగిలేది అదే. 600 వాట్లు పెట్టి నాబ్ తిప్పితే, ఇప్పుడు అనవసరంగా భయపడుతున్న నష్టం అప్పుడు నిజంగా జరుగుతుంది. మీకు 250 వాట్ల చుట్టుపక్కల చాలు.

నేనైతే ఇలా చేస్తాను. టీపీఏ3255 స్టీరియో బోర్డు, 36 వోల్టుల 10 ఆంపియర్ల సప్లై. కాయిల్స్‌ని సిరీస్‌లోనూ కలపను, పారలల్‌లోనూ కలపను. ఒక కాయిల్ ఎడమ ఛానెల్‌కి, రెండోది కుడి ఛానెల్‌కి. సబ్ అవుట్ నుంచి వై కేబుల్‌తో రెండు ఇన్‌పుట్‌లకీ ఒకే సిగ్నల్. ఒక్కో ఛానెల్‌కి 4 ఓమ్‌లే కనిపిస్తాయి, లెక్క ప్రకారం 162 వాట్లు, శుభ్రంగా 130 అనుకోండి. రెండూ కలిపితే 260. పారలల్ చేస్తే 2 ఓమ్‌లు అవుతుంది, అది మోయడానికి బోర్డుని మోనోకి (రెండు ఛానెల్స్ కలిసి ఒకటిగా పనిచేసేలా) మార్చుకోవాలి. ఆ తలనొప్పి ఎందుకు?

30 నుంచి 260 అంటే 9 డెసిబెల్స్ పైన. వాట్లు రెట్టింపైతే 3 డెసిబెల్సే పెరుగుతుంది, చెవికి రెండింతల మోత అనిపించాలంటే 10 కావాలి. దాదాపు అక్కడికి చేరతారు.

ప్లేట్ యాంప్ కూడా తప్పేం కాదు. క్రాసోవర్ (బేస్ తప్ప పై స్వరాలని కత్తిరించేది), ఫేజ్ నాబ్ (మిగతా స్పీకర్లతో తరంగాన్ని కలిపేది), ఆటో ఆన్ అన్నీ అందులోనే ఉంటాయి. మీ రిసీవర్ 80 హెర్ట్జ్ దగ్గర కత్తిరించి ఇస్తుంది కాబట్టి వాటి అవసరం మీకు తక్కువ. పైగా ప్లేట్ యాంప్ బిగించాలంటే ఇంత శ్రద్ధగా సీల్ చేసిన బాక్స్‌కి పెద్ద కన్నం కొయ్యాలి. నాకైతే మనసు ఒప్పదు.

చెక్కపని:
ఓమ్‌లెక్క గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థ్యాంక్స్. కన్నం కొయ్యడం నాకూ ఇష్టం లేదు, బోర్డే తీసుకుంటాను. కాయిల్స్ వైర్లు బాక్స్ వెనక ఒక్కో జతగా విడిగా తీసి ఉంచాను. మల్టీమీటర్ పెడితే ఒకటి 3.4, ఇంకోటి 3.5 చూపించింది. 4 ఓమ్‌ల కాయిల్‌కి ఇది తక్కువ కాదు కదా? రెండు కాయిల్స్ ఒకే వైపు తోస్తున్నాయో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఓమ్‌లెక్క:
3.4 సరైనదే. మీటర్ చూపేది డీసీ రెసిస్టెన్స్, అది పేరుకి చెప్పే ఓమ్‌ల కంటే కాస్త తక్కువే ఉంటుంది.

దిశ తెలియాలంటే 1.5 వోల్టుల బ్యాటరీ సెల్ చాలు. యాంప్ తగిలించకముందే, కాయిల్ ప్లస్‌కి సెల్ ప్లస్, మైనస్‌కి మైనస్ ఒక్క క్షణం ఆనించండి. కోన్ బయటికి రావాలి. కదలిక చిన్నది, వేలు ఆనించి చూస్తే తెలుస్తుంది. రెండో కాయిల్‌కీ అలాగే. ఒకటి బయటికి, ఒకటి లోపలికి పోతే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని బేస్ మాయమవుతుంది. బోర్డు బిగించాక తక్కువ వాల్యూమ్‌లో ముందు ఒక్క కాయిల్‌తో వినండి. ఆఫ్ చేసి, రెండోది కలిపి మళ్ళీ వినండి. మోత పెరగాలి. తగ్గితే రెండో దాని వైర్లు తిప్పి పెట్టండి.

మంద్రస్థాయి:
ఒక్క జాగ్రత్త. ఈ బోర్డుల్లో స్పీకర్ మైనస్ గ్రౌండ్ కాదు. రెండు ఛానెల్స్ మైనస్‌లని ఒకటిగా కలిపినా, ఏదో ఒకదాన్ని డబ్బా బాడీకి తగిలించినా బోర్డు పోతుంది. నాది ఒకటి అలాగే పోయింది, ఆన్ చేసిన సెకనులోనే. సప్లైని లోహపు డబ్బాలో పెడితే ఆ డబ్బాకి ఎర్త్ తప్పనిసరి. హమ్మింగ్ వస్తే ముందు సబ్ అవుట్ కేబుల్ పీకి చూడండి. ఆగిపోతే లోపం బోర్డులో లేదు, గ్రౌండ్ లూప్ (పరికరాల గ్రౌండ్‌ల మధ్య ఏర్పడే అనవసరపు కరెంట్ దారి) దగ్గర వెతకాలి.

ఓమ్‌లెక్క:
అవును, అది ముఖ్యం. గెయిన్ (బోర్డు సిగ్నల్‌ని ఎంత పెంచాలన్నది) కూడా చెవితో కాకుండా మీటర్‌తో పెట్టుకోండి. స్పీకర్ వైర్లు విప్పేసి, 50 హెర్ట్జ్ టోన్ వేసి, రిసీవర్‌ని మీరు వినే గరిష్ఠ వాల్యూమ్‌లో ఉంచండి. మీటర్‌ని ఏసీలో పెట్టి ఒక ఛానెల్ ప్లస్ మైనస్‌ల మధ్య కొలుస్తూ బోర్డు నాబ్ పెంచండి. 22 వోల్టులు రాగానే ఆపండి. అంటే 4 ఓమ్‌లకి 121 వాట్లు, క్లిప్పింగ్‌కి ఇంకాస్త దూరం. నాబ్ మీద ఆ చోట మార్కర్‌తో చిన్న గీత గీసి, టోన్ ఆపాకే స్పీకర్ కలపండి.